కాపడం నుంచి వడదెబ్బ దాకా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం "వేడి ఎలా పెట్టుకోవాలి" అని అడిగినవి, మిగతా సగం "వేడిని ఎలా తట్టుకోవాలి" అని అడిగినవి. పైకి వేరువేరు ప్రశ్నల్లా ఉన్నా శరీరం పడే పాటు రెండు చోట్లా ఒకటే. చర్మం కింది రక్తనాళాలు విప్పారాలి, వచ్చిన వేడిని రక్తం మోసుకుపోవాలి, చెమట దాన్ని బయటికి పంపాలి. ఆ దారి తెరిచి ఉంటే వేడి మందు, మూసుకుపోతే ముప్పు. అందుకే అన్నింటినీ ఒకేచోట కలిపి ఇస్తున్నాం.

మూడు రోజుల క్రితం బరువెత్తబోతే నడుం పట్టేసింది. ఇంట్లో ఒకరు ఐసు పెట్టమంటారు, ఇంకొకరు కాపడం పెట్టమంటారు. ఎవరి మాట వినాలి?

కాపడం పెట్టమన్నవారి మాట వినండి. కొత్తగా మొదలైన నడుం నొప్పికి మాత్రల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో పైపై వేడి ఒకటని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. వేడి తగిలిన చోట రక్తప్రసరణ పెరుగుతుంది, బిగుసుకున్న కండరం సడలుతుంది. పైగా వెచ్చదనం తాలూకు సంకేతాలు వెన్నుపాము దగ్గరే నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయి. 

15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. రోజుకు మూడు నాలుగుసార్లు చాలు. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, కాపడం అయ్యాక హాయిగా ఉందని అలాగే పడుకుంటారు. కండరం మెత్తబడి ఉండేది ఆ తర్వాతి కొద్ది నిమిషాలే. లేచి నాలుగడుగులు వేయడానికి, మోకాళ్లను ఛాతీ వైపు నెమ్మదిగా లాక్కోవడానికి అదే సమయం. కాపడం ఒక్కటే పెట్టి కదలకపోతే గంటకల్లా మళ్లీ మొదటికొస్తుంది.

ఐసు తాజా దెబ్బకు: చీలమండ మెలికపడి వాచినప్పుడు, కమిలినప్పుడు, మొదటి రెండు రోజులు. గుడ్డలో చుట్టి 10, 15 నిమిషాలు పెట్టాలి. అది నొప్పిని మొద్దుబారుస్తుందే తప్ప గాయాన్ని తొందరగా మాన్పదు. దెబ్బకు ఐసు అనే సూత్రానికి 1978లో ప్రచారం తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్ స్వయంగా, ఐసు మానే ప్రక్రియను ఆలస్యం చేయొచ్చని తర్వాత ఒప్పుకున్నారు. కాబట్టి గంటల తరబడి పెట్టడంలో అర్థం లేదు. అలాగని వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతున్న కీలు మీద కాపడమూ పెట్టకండి. వాపు ఇంకా పెరుగుతుంది.

ఒక్క హెచ్చరిక. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగకపోయినా, అసలు రాకపోయినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, కాలిలో బలం పోయినా, జ్వరం ఉన్నా కాపడంతో కాలయాపన వద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

హాట్ వాటర్ బ్యాగ్‌లో మరిగే నీళ్లు పోస్తే ఎక్కువసేపు వేడిగా ఉంటుంది కదా. ఎందుకు వద్దంటారు?

ఎందుకో చెప్పే లెక్క ఒకటుంది. చర్మం కాలడానికి వేడి ఎంత అన్నదే కాదు, ఎంతసేపు అన్నది కూడా ముఖ్యం. దీన్ని మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1947లో కొలిచి చూశారు. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 సెకన్లలో కాలుతుంది. 55 దగ్గర అర నిమిషం, 49 దగ్గర సుమారు 10 నిమిషాలు పడుతుంది. విచిత్రమేమిటంటే 44 డిగ్రీల దగ్గర కూడా కాలుతుంది, కాకపోతే ఆరు గంటలు కావాలి. "వెచ్చగానే ఉంది, ఏమీ కాదు" అనుకుని బ్యాగును పొట్ట మీద పెట్టుకుని నిద్రపోయినవారికి తెల్లారేసరికి బొబ్బలు కనిపించేది అందుకే. ఇది పెద్దవాళ్ల చర్మం లెక్క. పసిపిల్లలకు, వృద్ధులకు చర్మం పల్చన కాబట్టి ఇంకా త్వరగా కాలుతుంది.

బ్యాగు నింపే పద్ధతి ఇది. మరిగిన నీళ్లను కొన్ని నిమిషాలు చల్లారనివ్వండి, లేదా వేడి కుళాయి నీళ్లు వాడండి. బ్యాగును మెడ దగ్గర పట్టుకుని నిలబెట్టి మూడింట రెండు వంతులే నింపండి. తర్వాత బల్ల మీద మెల్లగా వాలుస్తూ, నీళ్లు మూతి అంచు దాకా వచ్చేవరకు లోపలి గాలిని వదిలేయండి. గాలి మిగిలితే వేడికి వ్యాకోచించి అతుకుల మీద ఒత్తిడి పెడుతుంది. మూత బిగించాక తలకిందులు చేసి, సింకు మీద ఒకసారి నొక్కి చూడండి. మూత మర దగ్గర తడి కనబడితే లోపలి వాషర్ అరిగిందన్నమాట. పైన మందపాటి తొడుగు గానీ తువ్వాలు గానీ తప్పనిసరి. దాని మీద కూర్చోకూడదు, పడుకోకూడదు.

బ్యాగుకూ వయసుంటుంది. చాలా బ్యాగుల మెడ దగ్గర రబ్బరు మీద చిన్న పువ్వు గుర్తు అచ్చు వేసి ఉంటుంది. పువ్వు మధ్యలో ఉన్న అంకె తయారైన సంవత్సరం. చుట్టూ ఉన్న 12 రేకులు నెలలు. రేకులో చుక్కలు ఉంటే అవి వారాలు. రెండేళ్లు దాటితే పారేయండి. మరిగే నీళ్లు, నూనె మరకలు, ఎండ తగలడం రబ్బరును ఇంకా ముందే పాడుచేస్తాయి. బ్యాగును మడిచి చూసినప్పుడు సన్నటి పగుళ్లు కనబడితే రెండేళ్ల దాకా కూడా ఆగొద్దు.

నాకు 58 ఏళ్లు. పదేళ్లుగా షుగరు ఉంది. అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు. రాత్రిపూట వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుంటే హాయిగా ఉంటుందని చెప్పారు. చేయవచ్చా?

వద్దు. ఈ జవాబు తెగేసి చెబుతున్నాం.

షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు మంట అనిపిస్తూనే స్పర్శ పోతుంది. రెండూ ఒకేసారి ఉండటం వింతగా అనిపించినా జరిగేది అదే. నీళ్లు కాలుతున్నాయన్న సంగతి పాదం మీకు చెప్పదు. పాదానికి రక్తప్రసరణ కూడా తగ్గి ఉంటే వచ్చిన వేడి వచ్చినచోటే నిలిచిపోతుంది. ఫలితంగా మామూలు మనిషికి గోరువెచ్చగా తోచే నీళ్లు కూడా మీకు గాయం చేయొచ్చు. ఆ గాయం మానదు, పుండవుతుంది. హీటింగ్ ప్యాడ్, హీటరు ముందు కాళ్లు చాపుకోవడం, మంచం మీద హాట్ వాటర్ బ్యాగ్: వీటన్నింటికీ ఇదే జవాబు.

కాళ్లు కడుక్కునే నీళ్లు 32 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే చాలు. పాదంతో కాదు, థర్మామీటరుతో చూడండి. లేకపోతే మోచేతితో చూడండి. స్పర్శ బాగా ఉన్న ఇంకొకరి చేత చూపిస్తే ఇంకా మంచిది. నానబెట్టొద్దు. కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవండి. చలికి కాళ్లు జివ్వుమంటే సాక్సు వేసుకోండి. మంటకు విడిగా మందులున్నాయి. డాక్టరును అడిగి 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష చేయించుకోండి. నైలాన్ దారం లాంటిదాన్ని పాదం మీద అక్కడక్కడా నొక్కి, తగులుతోందా లేదా అని అడుగుతారు. రెండు నిమిషాల పని. మీ పాదం ఎక్కడెక్కడ అబద్ధం చెబుతోందో తేలిపోతుంది.

నెలసరి నొప్పికి ప్రతిసారీ మాత్ర వేసుకోవాలంటే భయంగా ఉంది. కాపడం నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది. 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో పొత్తికడుపు మీద సుమారు 39 డిగ్రీల వెచ్చటి పట్టీని రోజుకు 12 గంటలు కట్టుకున్నవారికి, 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకున్నవారికి దాదాపు సమానంగా ఉపశమనం కలిగింది. రెండూ కలిపినవారికి ఉపశమనం మరింత ముందుగా మొదలైంది. గర్భాశయం కండరమే. బిగుసుకున్న కండరానికి వెచ్చదనం ఏం చేస్తుందో ఇక్కడా అదే చేస్తుంది. నొప్పి ఏ నెలకానెల పెరుగుతూ పోతున్నా, మాత్రకూ కాపడానికీ లొంగకపోయినా గైనకాలజిస్టుకు చూపించండి. ఎప్పుడూ లేనిది కుడివైపు కింద మొదలై, వాంతులు, జ్వరంతో వచ్చే కడుపునొప్పి మీద మాత్రం కాపడం పెట్టొద్దు. అది అపెండిక్స్ కావచ్చు.

తొడల మీద వలలాగా గోధుమరంగు మచ్చలు వచ్చాయి. నొప్పి, దురద ఏమీ లేవు. ఏదైనా చర్మవ్యాధా?

ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని గంటలకొద్దీ పనిచేస్తారా? లేక అదే చోట రోజూ హీటింగ్ ప్యాడ్ పెడతారా? కాల్చేంత వేడి కాదుగానీ 43 నుంచి 47 డిగ్రీల వేడి రోజుల తరబడి ఒకేచోట తగిలితే చర్మం కింది సన్నటి రక్తనాళాల అల్లిక మీద మచ్చ పడుతుంది. దాన్ని ఎరిథిమా అబ్ ఇగ్నే అంటారు. లాటిన్‌లో "నిప్పు వల్ల ఎరుపు" అని అర్థం. వేడి తగలడం ఆపితే కొత్త మచ్చలు కొన్ని నెలల్లో తగ్గుతాయి, పాతవి మిగిలిపోవచ్చు. ఏళ్ల తరబడి కొనసాగితే, అరుదుగానే అయినా, ఆ చోట చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్‌ను బల్ల మీదికి మార్చండి. మచ్చ మీద పుండు గానీ గడ్డ గానీ లేస్తే వెంటనే చూపించండి.

నొప్పికి బామ్ రాసి దాని మీద హీటింగ్ ప్యాడ్ పెడితే రెట్టింపు గుణం ఉండదా?

బొబ్బలు రెట్టింపవుతాయి. బామ్‌లోని మిథైల్ శాలిసిలేట్, మెంథాల్ లాంటివి వేడికి చర్మంలోకి ఎక్కువగా దిగుతాయి. మిరప ఘాటు, అంటే క్యాప్సైసిన్, ఉన్న క్రీములది మరో కథ. వేడిని గుర్తించే నరాల మీద టీఆర్‌పీవీ1 అనే తలుపు ఉంటుంది. అది సుమారు 43 డిగ్రీలకు తెరుచుకుంటుంది, క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. దీన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. క్రీముతోనే ఆ తలుపు తెరుచుకుని మంట పుడుతుంది కాబట్టి ఇక ప్యాడ్ ఎంత కాలుతోందో సరిగా తెలియదు. ఏదో ఒకటే వాడండి.

ఇంతకంటే ప్రాణాంతకమైనది ఫెంటనిల్ ప్యాచ్. క్యాన్సర్ వంటి తీవ్రమైన నొప్పులకు ఇచ్చే ఈ అతుకు మీద వేడి తగిలితే రోజులకు సరిపడా మందు గంటల్లో రక్తంలో కలుస్తుంది, శ్వాస మందగిస్తుంది. ప్యాచ్ ఉన్నవారు హీటింగ్ ప్యాడ్, వేడినీళ్ల తొట్టి, ఎండలో ఎక్కువసేపు కూర్చోవడం మానాలి. జ్వరం 39 దాటితే డాక్టరుకు చెప్పాలి.

ఒక మనిషి ఎండలో పడిపోతే అది మామూలు సొమ్మసిల్లడమా, వడదెబ్బా అన్నది ఎలా తెలుస్తుంది? ఆసుపత్రి దూరమైతే ఏం చేయాలి?

థర్మామీటరు కంటే ముందు మాట చూడండి. పేరేమిటి, ఇది ఏ చోటు, ఇవాళ ఏ వారం అని అడగండి. నీరసంగా అయినా సరిగ్గా చెబితే అది ఎండ బడలిక. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, ఒళ్లంతా చెమట ఉంటాయి. నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, బట్టలు వదులు చేసి, చల్లటి నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తే అరగంటలో తేరుకోవాలి. తేరుకోకపోతే అది ఇక బడలిక కాదనే లెక్క.

పొంతన లేకుండా మాట్లాడుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఊరికే కోపం తెచ్చుకుని చేయి విదిలిస్తున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా వడదెబ్బ అనుకునే పని మొదలుపెట్టండి. అప్పటికి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. "చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు" అనే నమ్మకం చాలామందిని ముంచింది. ఇంట్లో ఉక్కలో కూర్చుని దెబ్బతిన్న వృద్ధుల చర్మం పొడిబారి ఉండొచ్చు గానీ, పనిచేస్తూ, పరిగెడుతూ పడిపోయినవారు తడిసి ముద్దయి ఉంటారు. నుదుటి మీద, చంకలో చూసే థర్మామీటర్లనూ నమ్మకండి. లోపల 41 ఉన్నా అవి 38 చూపగలవు.

అంబులెన్స్‌కు ఒకరు ఫోన్ చేస్తుండగానే రెండోవారు చల్లబరచడం మొదలుపెట్టాలి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి. వండుతున్న గిన్నెను పొయ్యి మీద నుంచి దించకుండా ఎంత దూరం మోసుకెళ్లినా లోపల ఉడకడం ఆగదు కదా. ఇదీ అంతే.

అన్నింటికంటే వేగమైన దారి చల్లటి నీళ్లలో ముంచడం. తొట్టి ఉంటే మెడ దాకా ముంచి, ఐసు ఉంటే వేసి, నీళ్లను చేత్తో కలుపుతూ ఉండండి. కలపకపోతే ఒంటి చుట్టూ ఉన్న నీళ్లు వెచ్చబడి పొరలా నిలిచిపోతాయి. ఒక తువ్వాలును ఛాతీ మీదుగా రెండు చంకల కిందికి చుట్టి, వెనక నుంచి ఒకరు గట్టిగా పట్టుకుంటే తల మునగదు. ఇలా చేస్తే సుమారు 5 నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున దిగుతుంది. తొట్టి లేకపోతే టార్పాలిన్ చాలు. మనిషిని మధ్యలో పడుకోబెట్టి, నలుగురు అంచులు పైకెత్తి దోనెలా పట్టుకోండి. నాలుగైదు బకెట్ల నీళ్లు, ఉన్నంత ఐసు పోసి అటూ ఇటూ ఊపండి. అదీ లేకపోతే బట్టలు తీసి ఒళ్లంతా ఆగకుండా తడుపుతూ గట్టిగా విసరండి. తడి తువ్వాళ్లు కప్పితే రెండు మూడు నిమిషాలకోసారి మార్చండి. కప్పి వదిలేసిన తడి గుడ్డ కాసేపటికి దుప్పటి అవుతుంది. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టడం వీటికి తోడే గానీ అదొక్కటే సరిపోదు. గుండెజబ్బు ఉన్న వృద్ధులకైతే ముంచడం కంటే తడిపి విసరడమే తట్టుకోగలిగిన పద్ధతి.

చల్లటి నీళ్లు తగిలితే చర్మం ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుందన్న వాదన పాతది. ముడుచుకున్నా సరే, ముంచడమే అన్నింటికంటే త్వరగా వేడి దించుతుంది. అమెరికాలో ఫాల్మత్ పరుగు పందెం దగ్గర 18 ఏళ్లలో వడదెబ్బ తిన్న 274 మందినీ అక్కడికక్కడే ఐసు నీళ్లలో ముంచారు. ఒక్కరూ చనిపోలేదు. వైద్య సిబ్బంది ఉంటే మలద్వారం థర్మామీటరుతో చూసి 39 దగ్గర ఆపుతారు. థర్మామీటరు లేనప్పుడు మాట స్పష్టంగా వచ్చేవరకో, అంబులెన్స్ చేరేవరకో కొనసాగించండి.

స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పారాసిటమాల్ ఇవ్వకండి. జ్వరంలో మెదడే శరీరపు వేడిని పైకి పెట్టుకుంటుంది కాబట్టి ఆ మాత్ర దాన్ని కిందికి దించగలదు. వడదెబ్బలో మెదడు పెట్టిన హద్దు మారలేదు, వేడే దాన్ని తోసుకుని పైకి పోయింది. మాత్రకు అక్కడ పనిలేదు, అప్పటికే ఉడుకుతున్న కాలేయానికి అదనపు భారం తప్ప. ఆస్పిరిన్ అయితే రక్తస్రావం ముప్పు పెంచుతుంది. లేచి కూర్చుని "బాగానే ఉన్నా" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కాలేయం, మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడదు.

థర్మామీటరు 32 చూపిస్తున్న రోజున 40 డిగ్రీల రోజు కంటే ఎక్కువ బాధగా ఉంటోంది. ఇది ఊహేనా? ఫ్యాన్ వేసినా లాభం లేదు.

ఊహ కాదు. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. ఆవిరైతేనే. గడ్డం మీంచి బొట్లుబొట్లుగా రాలిపోయిన చెమట దాదాపు వృథా, ఒంట్లో నీళ్లు పోయాయి గానీ వేడి పోలేదు. గాలిలో తేమ నిండి ఉంటే జరిగేది అదే. 32 డిగ్రీలకు 70 శాతం తేమ తోడైతే ఒంటికి అది 40 దాటినట్టు ఉంటుంది. అదే 40 డిగ్రీలు, 10 శాతం తేమ అయితే 37 లాగే అనిపిస్తుంది. ఈ లెక్క నీడకు వేసింది. నేరుగా ఎండ తగిలితే ఇంకో 8 డిగ్రీల దాకా కలుపుకోవాలి. పొడి వేడిలో ఇంకో మోసం ఉంది. చెమట పుట్టగానే ఆరిపోతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో తెలియదు.

ఫ్యాన్ గాలిని చల్లబరచదు, చెమట ఆరడానికి సాయపడుతుందంతే. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గది అంతకంటే బాగా వేడెక్కితే ఫ్యాన్ వేడి గాలిని మీ మీదికి తోస్తుంది. 40 దాటితే ఫ్యాన్ మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చెమట తక్కువ పట్టే వృద్ధులకు ఆ హద్దు ఇంకా కిందే అనుకోవాలి. ఫ్యాన్ పనిచేయాలంటే ఒళ్లు తడిగా ఉండాలి. చేతులు, మెడ, పాదాలు తడుపుకోండి, లేదా చొక్కా తడిపి పిండి తొడుక్కోండి. గది పగలు 32, రాత్రి 24 డిగ్రీల లోపు ఉండేలా చూడమని కూడా అదే సంస్థ చెబుతోంది. పగలు బయటి గాలి లోపలికంటే వేడిగా ఉన్నంతసేపు కిటికీలు, తెరలు మూయండి. రాత్రి చల్లబడ్డాక బార్లా తెరవండి.

ఎండలో పనిచేసేవారు ఎంత నీరు తాగాలి? ఉప్పు కలపాలా?

15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే 240 మిల్లీలీటర్లు. దాహం కోసం ఆగొద్దు, అలాగని గంటకు సుమారు 1.4 లీటర్లు మించొద్దు. అంతకుమించి మంచినీళ్లే గుమ్మరిస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, చివరికి ఫిట్స్ వస్తాయి. చూసేవారు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు. రెండు గంటల లోపు పనికి, మధ్యలో భోజనం చేసేవారికి మంచినీళ్లు చాలు. గంటల తరబడి చెమట కారితే, కండరాలు పట్టేస్తుంటే ఓఆర్‌ఎస్ తాగండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దగ్గర ఎక్కువమంది తప్పుచేసేది నీళ్ల కొలతలో. లీటరు ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేస్తే చిక్కనై, పేగులు ఒంట్లోని నీటినే లోపలికి లాక్కుంటాయి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటికి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచా, దాని మీద కత్తి అంచుతో గీసి చదును చేసిన కొలత. చక్కెర రుచికోసం కాదు. పేగు గోడలో సోడియాన్ని, గ్లూకోజును జంటగా లోపలికి చేరవేసే వాహకం ఉంది. ఒకటి లేకపోతే రెండోది సరిగా ఎక్కదు, వాటి వెంటే నీళ్లు వెళ్తాయి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి.

సరిపడా తాగుతున్నారో లేదో పనికి ముందూ తర్వాతా బరువు చూసుకుంటే తెలుస్తుంది. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు లోటు. మూత్రం లేత పసుపు అయితే సరే. కోలా రంగులోకి మారితే కండరం కరుగుతున్న గుర్తు, ఆసుపత్రికి పదండి. గుండె, కిడ్నీ జబ్బులకు నీటి కొలత పెట్టినవారు పై లెక్కలు పట్టించుకోకుండా తమ డాక్టరును అడగాలి.

ఎండ పనికి కొత్తగా చేరేవారికి "అలవాటు పడతారులే" అంటారు. నిజంగా అలవాటవుతుందా?

అవుతుంది, కానీ ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందే మొదలై ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఆ మార్పులు రాకముందు పూర్తి పని పెట్టడమే ప్రమాదం. ఆరుబయట పనిలో వేడికి చనిపోయినవారిలో సగం మంది, అంతకంటే ఎక్కువే, మొదటి కొద్ది రోజుల్లోనే పోతున్నారని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్క. కొత్తవారికి మొదటి రోజు ఎండలో పని 20 శాతమే ఇవ్వాలి, రోజుకు 20 చొప్పున పెంచాలి. పాతవారు సెలవు నుంచి తిరిగొస్తే వరుసగా 50, 60, 80, 100. వారం పైబడిన సెలవులో అలవాటు కరిగిపోవడం మొదలవుతుంది, నెల దాటితే దాదాపు కొత్తవారితో సమానం.

నాన్నకు 74 ఏళ్లు. బీపీకి, గుండెకు మాత్రలు వాడుతున్నారు, ఇన్సులిన్ కూడా ఉంది. ఎండాకాలంలో ఏం జాగ్రత్త పడాలి?

మాత్రల చీటీ పట్టుకుని ఎండలు ముదరక ముందే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. బీపీకి, గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లు అనే మాత్రలు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి, చర్మానికి రక్తం అందదు. కొన్ని పాత తరం అలర్జీ మాత్రలు, మూత్రాశయం మాత్రలు, మానసిక వ్యాధులకు ఇచ్చేవి చెమటనే తగ్గిస్తాయి. మానసిక వ్యాధికి లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే ఆ మందే విషమవుతుంది. మోతాదు మార్చాలా అన్నది డాక్టరు తేలుస్తారు. మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి, బీపీ మాత్ర ఆపి వచ్చే పక్షవాతం ఎండకంటే చెడ్డది. ఆ వయసులో దాహం సరిగా తెలియదు. "దాహం లేదు" అంటే నీళ్లు అక్కర్లేదని కాదు. గుండెకు డాక్టరు చెప్పిన నీటి కొలత ఉంటే దాన్ని రోజంతా పంచి, మీరే అందించండి.

ఇన్సులిన్: తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రిజ్ తలుపులో కాదు, గడ్డకట్టే అర పక్కనా కాదు. ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. వాడుతున్నది 30 డిగ్రీల లోపు, చాలా రకాలకు 4 వారాలు. తేటగా ఉండాల్సినది మసకబారినా, మబ్బుగా ఉండాల్సిన దానిలో ఎంత కలిపినా కరగని ముద్దలు కనిపించినా పారేయాలి. అయితే పాడైన ఇన్సులిన్ చూడటానికి బాగానే ఉండొచ్చు. కారణం లేకుండా షుగరు పెరుగుతుంటే ముందు సీసాను అనుమానించండి. సూది వేసిన చోట కాపడం పెట్టినా, వేయగానే వేడినీళ్ల స్నానం చేసినా మందు త్వరగా ఎక్కి షుగరు పడిపోతుంది.

పిల్లాడు నిద్రపోతున్నాడు, ఐదు నిమిషాల పనే. కారు అద్దాలు కాస్త దించి వెళ్తే?

వద్దు. పది నిమిషాల్లో లోపల సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. అద్దాలు కాస్త దించినా తేడా నామమాత్రం. పెద్దవాళ్ల కంటే పసివాళ్ల ఒళ్లు మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. నిద్ర లేపి తీసుకెళ్లండి.

జలుబుకు గిన్నెలో నీళ్లు మరిగించి ఆవిరి పడుతుంటే ఒలికి మా అమ్మాయి తొడ కాలింది. తగ్గిపోయింది కానీ, అప్పుడు ఏం చేసి ఉండాల్సింది?

కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పోయాలి. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు చేసినా మేలే. ఐసు వద్దు, అది దెబ్బతిన్న చర్మాన్ని ఇంకా చంపుతుంది. టూత్‌పేస్టు, నూనె, వెన్న ఏవీ వద్దు. ఉంగరాలు, బిగుతు బట్టలు వాపు రాకముందే తీసేయాలి, చర్మానికి అతుక్కుపోయిన గుడ్డను మాత్రం లాగకూడదు. తర్వాత శుభ్రమైన ప్లాస్టిక్ రేకును వదులుగా పరిచి కప్పాలి. బాధితురాలి అరచేతి కంటే పెద్ద గాయమైనా, ముఖం, చేతులు, మర్మాంగాల మీదైనా, పిల్లలకు బొబ్బలు వచ్చినా ఆసుపత్రి.

ఇక ఆవిరి సంగతి. జలుబు రోజులు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం లేదు, ముక్కుకు కాసేపు సుఖంగా ఉంటుందంతే. పిల్లలకు అసలు వద్దు. పెద్దవాళ్లకు కావాలంటే స్నానాల గది తలుపు వేసి వేడినీళ్ల షవరు వదిలి పది నిమిషాలు కూర్చోండి. ఒళ్లో గిన్నె, నెత్తిన దుప్పటి అక్కర్లేదు.